ఇద్దరు పట్టని నడవ

శనివారం పెళ్లి. ఆ పెళ్లి జరగాల్సిన కొత్త మందిరాన్ని చర్చి సిబ్బందికి చూపించింది మంగళవారం పొద్దున పది గంటలకు.

రెండేళ్లుగా పాత చర్చి వెనక ఖాళీ స్థలంలో చుట్టూ పచ్చ గుడ్డ కట్టి దాన్ని కడుతున్నారు. తొంగిచూద్దామన్నా సందు లేదు. ఎవరైనా అడిగితే కట్టడాల కమిటీ పెద్దాయన, "పూర్తయ్యాక చూద్దురుగాని, తొందరేముంది" అనేవారు. ఆయన నలభై ఏళ్లు టైల్స్ దుకాణం నడిపి, దాన్ని అల్లుడికి అప్పగించి, చర్చి పనుల్లోకి దిగిన మనిషి. చాటున అందరూ టైల్సాయన అంటారు. ఎదురుగా పెద్దాయనగారు.

అందరికన్నా ఎక్కువ ఒళ్లు మండింది రిజిస్టరమ్మకి. ఆవిడ చర్చి ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా గుమాస్తా. పెళ్లిళ్ల రిజిస్టరు ఎప్పుడూ చంకలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. తేదీ రాసుకోవడం దగ్గర్నుంచి, ఉంగరం ఇంట్లో మరిచిపోయి వచ్చిన పెళ్లికొడుకు కోసం మనిషిని పరిగెత్తించడం, చివరి నిమిషంలో ఊడిన గౌను అంచుకు పిన్నులు పెట్టడం దాకా అన్నీ ఆవిడ చేతి మీదుగా జరగాల్సిందే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. పెళ్లిళ్లు ఆవిడ వందలకొద్దీ చేసింది. పెళ్లిళ్ల కోసమే ఇల్లు కడుతున్నవాళ్లు మాత్రం ఆవిడని ఒక్క మాట అడగలేదు.

శనివారం పెళ్లికూతురు ఒక నర్సు. వాళ్ల నాన్నకి ఏడాది కిందట పక్షవాతం వచ్చి ఎడమకాలు ఈడుస్తాడు. నాలుగు కాళ్ల వాకరు పట్టుకుని నడుస్తాడు. పాత చర్చికి పదకొండు మెట్లు. కొత్త మందిరానికి మెట్లే లేవు, నేల మీద నుంచి నేరుగా లోపలికి వెళ్లొచ్చు. అందుకని ఆ అమ్మాయి ఇక్కడ అడిగింది. "నాన్న నా పక్కనే నడుస్తానంటున్నారు ఆంటీ, వీలవుతుందా?" అంటే, "అది నాకొదిలెయ్యమ్మా" అని రిజిస్టరమ్మ మాటిచ్చేసింది. పెళ్లి కోసం కట్టిన చోట పెళ్లికూతురు, తండ్రి నడవడానికి దారి ఉండదని ఎవరనుకుంటారు?

మంగళవారం తలుపు ముందు నలుగురు సిబ్బంది నిలబడ్డారు. పాస్టరుగారు, రిజిస్టరమ్మ, పియానో మాస్టారు, గంట బాబాయి. పాస్టరుగారు వచ్చి మూడేళ్లే అయింది. మెత్తని మనిషి. ఏ సమస్య చెప్పినా "చూద్దాం" అంటారు. పియానో మాస్టారు రిజిస్టరమ్మకి స్వయానా మరిది. చర్చిలో కూడా వదినా అనే పిలుస్తాడు, ఎంత చెప్పినా మానడు. గంట బాబాయి ముప్పై ఏళ్లుగా గంట కొట్టి, తాళాలు తీసి, విరిగిన బెంచీలు బాగుచేస్తున్నాడు. నడుముకి తాళాల గుత్తి, చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు.

పెద్దాయన జేబులోంచి ఒక కార్డు తీసి గోడకున్న డబ్బాకి ఆనించారు. టిక్కుమంది. బరువైన చెక్క తలుపు లోపలికి తెరుచుకుంది.

"తాళంచెవి లేదా అండీ?" అన్నాడు బాబాయి.

"తాళంచెవుల రోజులు పోయాయి బాబాయ్."

"ఆ కార్డు పోతే?"

"పోదు."

లోపలికి అడుగుపెట్టి నలుగురూ నిలబడిపోయారు. బాగుంది. నిజంగా బాగుంది. తెల్లని గోడలు, పైకప్పు మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరికి సన్నని అద్దం, దానిలోంచి వెలుగు తిన్నగా నడవ మీద పడుతోంది. నేలకి పరిచిన టైల్స్ పాల మీగడలా ఉన్నాయి. ఒక్క అతుకు కనిపించడం లేదు. రిజిస్టరమ్మ ఒక్క క్షణం కోపమంతా మరిచిపోయింది. రెండో అడుగు వేసేసరికి కాలు జారి బెంచీ పట్టుకుంది.

"నున్నగా ఉంది కదా" అన్నారు పెద్దాయన మురిపెంగా.

ఆవిడ రిజిస్టరు బెంచీ మీద పెట్టి మరిదిని పిలిచింది. "ఇటు రా. నా పక్కన నడు."

ఇద్దరూ నడవలో పక్కపక్కన నడవబోయారు. మూడో అడుగుకి అతని తొడ బెంచీ మూలకి తగిలింది. ఇంకో అడుగుకి ఆవిడ మోచేయి తగిలింది.

"వదినా, మనిద్దరం పక్కపక్కన వెళ్లాలంటే ఒకరు బెంచీల మీద నడవాలి" అన్నాడతను తొడ రాసుకుంటూ.

"పెద్దాయనగారూ, ఇక్కడ తండ్రీ కూతురూ ఎలా నడుస్తారండీ?"

"పెళ్లికూతురు ఒక్కతే నడవాలమ్మా. ఆ వెలుగులో, ఒక్కతే. ఆ అందమే వేరు."

"మరి తండ్రి?"

"వెనకాల వస్తాడు."

బెంచీలు జరుపుదామని బాబాయి వంగి చూశాడు. కాళ్లన్నీ బోల్టులతో నేలకి బిగించి ఉన్నాయి.

అక్కడి నుంచి లోపాలు ఒకటి తర్వాత ఒకటి బయటపడ్డాయి. పియానోని అప్పటికే ఒక లావుపాటి స్తంభం వెనక పెట్టారు. మాస్టారు కూర్చుని చూశాడు. అతనికి గోడ తప్ప ఏమీ కనిపించలేదు. "పెళ్లికూతురు వచ్చిందో లేదో నాకెలా తెలుస్తుందండీ?" అంటే, "టీవీ పెడతాం, అందులో చూద్దువుగాని" అన్నారు. పెళ్లికూతురు కూర్చుని సర్దుకోవడానికి గది లేదు. బాత్రూము లేదు. "పాత చర్చిలో ఉందిగా, రెండొందల అడుగులు" అన్నారు. రిజిస్టరులో సంతకాలు పెట్టడానికి బల్ల లేదు. "ఇంకా పుస్తకాలేంటమ్మా" అన్నారు. బాబాయి, గంట ఎక్కడుందని అడిగాడు. గోడకున్న రెండు స్పీకర్లు చూపించారు. బాబాయి వాటికేసి చూసి, నడుముకున్న గుత్తి సర్దుకున్నాడు.

రిజిస్టరమ్మ పాస్టరుగారి వైపు తిరిగింది. "మీరైనా ఏదో ఒకటి చెప్పండి సార్."

"చూద్దాం" అన్నారాయన.

చూద్దాం, ద్దాం, దాం అని నాలుగు గోడలూ అందుకున్నాయి. తన మాటే తన మీదికి తిరిగొచ్చేసరికి పాస్టరుగారు ఉలిక్కిపడ్డారు. మరిది మొహం స్తంభం వెనక దాచుకున్నాడు.

"ప్రసంగం ఎలా వినపడుతుందండీ ఇందులో?" అంది రిజిస్టరమ్మ.

"జనం నిండితే తగ్గుతుంది. అది కాదమ్మా, అసలు గొప్పతనం మీరు చూడలేదు. బయటి శబ్దం ఒక్క చుక్క లోపలికి రాదు. చూడండి." అంటూ పెద్దాయన వెళ్లి తలుపు మూశారు. టిక్కుమంది. రోడ్డు మీద లారీల మోత ఎవరో కత్తిరించినట్టు ఆగిపోయింది.

"ఎలా ఉంది?"

"బాగుందండీ" అన్నారు పాస్టరుగారు.

"ఇక తలుపు తియ్యండి. నాకు ఆఫీసులో పనుంది" అంది రిజిస్టరమ్మ.

పెద్దాయన కార్డు తీశారు. కార్డు ఆనించే డబ్బా తలుపుకి బయటి వైపు ఉంది. లోపలి వైపు, బటన్ ఉండాల్సిన చోట గోడకి చదరపు కన్నం, అందులోంచి రెండు తీగలు వేలాడుతున్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది.

"రేపు ఎలక్ట్రీషియన్ వచ్చి బిగిస్తానన్నాడు" అన్నారాయన నెమ్మదిగా.

"రెండు తీగలూ కలిపితే తెరుచుకుంటుందేమో వదినా."

"కలుపు. పరలోకం తెరుచుకుంటుంది."

అందరూ ఫోన్లు తీశారు. ఎవరి ఫోనుకీ సిగ్నల్ లేదు. పైకప్పులో ఉక్కు రేకు వేయించామని పెద్దాయనే చెప్పారు, ఇంతకుముందు గొప్పగా చెప్పిన గొంతుతో కాదు. మరిది బెంచీ ఎక్కి ఫోను పైకెత్తి, దించి, మళ్లీ ఎత్తి, చివరికి దిగాడు. తలుపు బాదారు. అరిచారు. లోపల అరుపు నాలుగుసార్లు తిరిగింది గానీ బయటికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. పనివాళ్లు ఆ రోజు రాలేదు.

పావుగంటకి పైకప్పు అద్దంలోంచి ఎండ నేరుగా నెత్తి మీదికి దిగింది. కిటికీలు తెరుచుకునేవి కావు. ఏసీకి ఇంకా కనెక్షన్ ఇవ్వలేదు. పాస్టరుగారు కోటు విప్పేశారు.

గంట బాబాయి తలుపంతా తడిమి చూసి వెనక్కి వచ్చాడు. "తలుపు లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి మడతబందులు మన వైపే ఉన్నాయి. మూడు పిన్నులు కొట్టి లాగేస్తే తలుపు చేతికొస్తుంది."

"వద్దు వద్దు" అన్నారు పెద్దాయన. "ఆ తలుపు కోసం ఏడు నెలలు ఆగాం. ఒక్క గీత పడినా ఇంకోటి దొరకదు. ఎవరో ఒకరు వస్తారు. మన కోసం వెతుక్కుంటూ రారా?"

ఎవరొస్తారు? వెతకాల్సిన నలుగురూ లోపలే ఉన్నారు. అయినా కట్టినాయన వద్దంటుంటే బాబాయి ఏం చేస్తాడు. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. అందరూ కూర్చున్నారు. బెంచీలు అందంగా ఉన్నాయి గానీ వీపుకి ఎక్కడా ఆనవు.

రిజిస్టరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. "అడిగితే చెప్పేదాన్ని కదండీ" అంది. "గోడ అవతలే కూర్చుంటాను. రెండేళ్లు. ఒక్కసారి పిలిచి, ఏమ్మా, నడవ ఎంత ఉండాలి అని అడిగితే పోయేదేముంది?"

"అడిగితే ఏమనేవారు?"

"ఇరుకనేదాన్ని."

"కాదు. వద్దనేవారు. మందిరమే వద్దనేవారు." పెద్దాయన రుమాలుతో మెడ తుడుచుకున్నారు. "ఫ్యాన్లు మారుద్దామన్నాను, వద్దన్నారు. కొత్త మైకన్నాను, వద్దన్నారు. బెంచీలకి మెత్తలు వేయిద్దామంటే జనం నిద్రపోతారన్నారు."

"పోతారు."

పాస్టరుగారు నేలకేసి చూశారు.

"నేను దుకాణం నడిపినవాణ్ణమ్మా. ప్రతిదానికీ వద్దనే గిరాకీకి సరుకు ముందుగా చూపించను. తెచ్చి పరిచేస్తాను. ఆ తర్వాత వాళ్లే బాగుందంటారు."

"జారిపడ్డవాళ్లు కూడానా?"

అన్న మాట తగిలిందన్న తృప్తి ఆవిడకి కలగలేదు. మైకు వద్దనడానికి కారణముంది, మెత్తలు వద్దనడానికీ ఉంది. ఫ్యాన్లు ఎందుకు వద్దందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ రోజు ఆయన పొడుగాటి జాబితాతో ఆఫీసుకి వచ్చారు, తనకి తలనొప్పిగా ఉంది. అంతే అయ్యుండాలి. ఆ ఫ్యాన్లు ఇప్పటికీ గరగరలాడుతూనే ఉన్నాయి.

గంట దాటింది. పెద్దాయన కాలు మీద కాలు వేసుకున్నారు. తీసేశారు. లేచి గోడ దాకా వెళ్లొచ్చారు. మళ్లీ కూర్చున్నారు. డెబ్బై దాటిన మనిషి, పైగా షుగరు. పొద్దున ఆఫీసులో రెండు కప్పులు కాఫీ తాగడం రిజిస్టరమ్మ చూసింది. సంగతి ఆవిడకి అర్థమైంది. బాత్రూము మాట నోటి చివరిదాకా వచ్చింది. అనాలంటే అంతకన్నా మంచి సమయం ఉండదు. మొహం తిప్పుకుని మరిదితో, "నీ పియానో మూత తియ్యి, ఏదైనా వాయించు" అంది.

అతను వాయించాడు. ఆ గోడల మధ్య ఒక్క పియానో పది పియానోలైంది. రెండు వరసలు వాయించేలోగా పెద్దాయన బాబాయి దగ్గరికి వెళ్లి, చెవి దగ్గర వంగి, "తీసెయ్ బాబాయ్, తలుపు తీసెయ్" అన్నారు.

బాబాయి స్క్రూడ్రైవర్‌ని పిన్ను కింద ఆనించి, మరిది బూటు అడిగి తీసుకుని, దాని మడమతో కొట్టాడు. పై పిన్ను, మధ్య పిన్ను తేలిగ్గా వచ్చాయి. మూడోది తలుపు బరువుకి బిగుసుకుంది. "కింద ఏదైనా దన్ను పెట్టాలి. గట్టిది కావాలి" అన్నాడు.

అందరి కళ్లూ రిజిస్టరు మీదికి వెళ్లాయి. రిజిస్టరమ్మ దాన్ని తీసి గుండెలకి హత్తుకుంది. "ఎనిమిది వందల కాపురాలున్నాయి ఇందులో. తలుపు కిందనా?"

పెద్దాయన ఒక్క క్షణం చూసి, గోడకి ఆనించి ఉన్న చలువరాతి పలకని చూపించారు. కమిటీ పేర్లన్నీ చెక్కిన పలక, ఇంకా గోడకి బిగించలేదు. "అది పెట్టు."

బాబాయి పేర్లు నేల వైపు ఉండేలా దాన్ని తలుపు కిందికి తోశాడు. ఒక మూల చిట్లింది. పిన్ను వచ్చింది. నలుగురు మగవాళ్లూ పట్టి తలుపుని పక్కకి లాగితే లారీల మోత, గాలి, దుమ్ము అన్నీ ఒక్కసారి లోపలికి వచ్చాయి. పెద్దాయన పాత చర్చి వైపు, ఆ వయసుకి తగని వేగంతో వెళ్లారు. రెండొందల అడుగులు.

నలుగురూ బయట గట్టు మీద కూర్చుని నీళ్లు తాగారు. ఆయన ఇక ఇవాళ రారనుకున్నారు. వచ్చారు. తడిసిన మొహం తుడుచుకుంటూ వచ్చి రిజిస్టరమ్మ ఎదురుగా నిలబడి, జేబులోంచి కాగితం, పెన్ను తీశారు.

"చెప్పండి. ఒక్కొక్కటే."

చెప్పింది. ఆయన ప్రతిదానికీ వాదించారు. స్తంభం కదలదన్నారు, పైకప్పు దాని మీదే ఉందన్నారు. "అయితే మాస్టారు కదులుతాడు" అంది. సరేనన్నారు. జారకుండా నేల మీద చాప పరుద్దామంటే, ఆ టైల్స్ మీదా అని బాధపడ్డారు. సరేనన్నారు. నడవ దగ్గర మాత్రం మొండికేశారు. బెంచీలు జరపాలంటే టైల్స్‌కి కొత్త కన్నాలు పెట్టాలి. పాత కన్నాలు అలాగే కనిపిస్తాయి. ఆ టైల్స్ అన్నీ ఒకే విడతలో కాల్చినవి. ఒకటి పగిలినా ఆ రంగు మళ్లీ రాదు.

అప్పుడావిడ నర్సు నాన్న సంగతి చెప్పింది. వాకరు ఎంత వెడల్పో చేతులతో చూపించింది. పెద్దాయన ఆ చేతుల మధ్య ఖాళీకేసి చాలాసేపు చూశారు.

"మీరు మాటిచ్చారా?"

"ఇచ్చాను."

"చూడకుండానే?"

"చూడనిస్తే కదండీ."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

గురువారం పొద్దున ఆఫీసు తెరిచేసరికి మందిరంలోంచి డ్రిల్లు చప్పుడు వస్తోంది. రిజిస్టరమ్మ వెళ్లి చూస్తే బాబాయి కుడి వైపు బెంచీల బోల్టులు విప్పుతున్నాడు. పెద్దాయన పాత చొక్కా వేసుకుని, మోకాళ్ల కింద గోనె మడత పెట్టుకుని, నేల మీద పెన్సిలుతో గుర్తులు పెడుతున్నారు.

"పనివాళ్లు లేరా అండీ?"

"వాళ్ల చేతికిస్తే సగం పగలగొడతారు. డ్రిల్లు మొన మీద నీళ్లు పడుతూ ఉండాలి. బాబాయికి రెండు చేతులే ఉన్నాయి."

ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన కూర్చుంది. ఆయన ముందు మొనని ఏటవాలుగా ఆనించి, చిన్న గాటు పడ్డాక నిలువుగా నిలబెట్టి, ఒత్తకుండా తిరగనిచ్చేవారు. ఆవిడ సన్నగా నీళ్లు పోసేది. తెల్లని బురద పొంగేది. ఏడు బెంచీలు, ఒక్కోదానికి నాలుగు కాళ్లు. ఇరవై ఎనిమిది కన్నాలు. ఒక్కటి కూడా పగల్లేదు. నలభై ఏళ్లు టైల్స్ అమ్మారని తెలుసు గానీ, అంతకుముందు పరిచేవారని ఆవిడకి తెలియదు.

పదిహేనో కన్నం దగ్గర ఆయన డ్రిల్లు ఆపి నడుము నిటారు చేసుకున్నారు. "మా అమ్మాయి పెళ్లికి నేను నడవలేదు" అన్నారు. "వేరే ఊళ్లో జరిగింది. ఆ అబ్బాయి నాకప్పుడు నచ్చలేదు. అలిగి వెనక నిలబడ్డాను. అది ఒక్కతే వెళ్లింది. ఎంత బాగుందో చెప్పలేను. అప్పటి నుంచి ఒక్కతే నడిస్తేనే అందమని నా బుర్రలో పడిపోయింది."

రిజిస్టరమ్మ చెంబు అందుకుంది. ఆ అల్లుడే ఇప్పుడు దుకాణం చూసుకుంటున్నాడు. "నీళ్లు పొయ్యమంటారా?" అంది.

"పొయ్యండి."

శనివారం పెళ్లి జరిగింది. తలుపు ఇంకా గోడకి ఆనించే ఉంది. బయటికి తెరుచుకునేలా, మామూలు తాళంతో మళ్లీ బిగించడానికి నెల పడుతుందన్నారు. గుమ్మంలోంచి లారీల మోత హాయిగా లోపలికి వస్తోంది. పియానోని స్తంభం ఇవతలికి లాగారు గానీ, మాస్టారికి ఇప్పుడు గుమ్మంలో సగమే కనిపిస్తోంది. పెళ్లికూతురు రాగానే చెయ్యెత్తుతానని బాబాయి చెప్పాడు. చెమట తుడుచుకోవడానికి ఒకసారి చెయ్యెత్తాడు. మాస్టారు మొదలెట్టేశాడు. పెళ్లికూతురు ఇంకా కారు దిగలేదు. ఒక్క పాటనే నాలుగుసార్లు తిప్పి తిప్పి వాయించాడు. వదిన చూపు తన వీపుకి తగులుతోందని అతనికి తెలుసు. వెనక్కి తిరగలేదు.

నర్సు, వాళ్ల నాన్న వచ్చారు. నడవ మీద చాప పరిచి ఉంది. వాకరు ఒక అడుగు ముందుకి, ఆయన కుడికాలు, ఎడమకాలు ఈడ్చి, మళ్లీ వాకరు. కూతురు పక్కనే, ఆయన మోచేతి కింద చెయ్యి వేసి. ఇద్దరికీ చోటు సరిపోయింది, బెత్తెడు మిగిలింది కూడా. ఆ కొద్ది దూరానికి చాలాసేపు పట్టింది. ఎవరూ కదల్లేదు.

జనం నిండితే ప్రతిధ్వని తగ్గుతుందన్న మాట సగమే నిజమైంది. పాస్టరుగారి ప్రసంగంలో ప్రతి వాక్యం సగం అర్థమై సగం గోడల్లో కలిసింది. బయటికొచ్చాక ఇద్దరు ముగ్గురు ఆయన్ని పట్టుకుని, ఇంత లోతైన ప్రసంగం ఎప్పుడూ వినలేదన్నారు.

సంతకాలకి రిజిస్టరమ్మ ఆఫీసులోంచి తన బల్లే మోయించి తెచ్చింది. పెళ్లికొడుకు సంతకం పెడుతుంటే వెనక నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. ఎవరో చుట్టాలతో చెబుతున్నారు. "నడవ దగ్గర చాలా ఆలోచించామండీ. ఇద్దరు హాయిగా పక్కపక్కన నడవాలి కదా. చాలాచోట్ల అదే మరిచిపోతారు."

రిజిస్టరమ్మ పెన్ను గట్టిగా పట్టుకుంది. పియానో దగ్గర్నుంచి మరిది చూస్తున్నాడు. వదిన ఇప్పుడు ఏమంటుందా అని అతని కళ్లు మెరుస్తున్నాయి.

నర్సు నాన్న సాక్షి సంతకానికి వచ్చి, వాకరు బల్లకి ఆనించి కూర్చున్నాడు. మాట ముద్దగా వస్తుంది, తొందరపడకుండా వినాలి. "ఎవరు కట్టించారమ్మా ఇది?" అన్నాడు. "సుఖంగా నడిచాను."

ఆవిడ పెద్దాయన వైపు చూపించింది. "ఆయనేనండీ. బెంచీలు కూడా తన చేత్తోనే బిగించారు. ఇదిగో, ఇక్కడ పెట్టండి సంతకం. నెమ్మదిగా పెట్టండి."